ప్లాట్‌ఫారం వైపు

ఆ మంగళవారం పొద్దున ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. రాత్రి వాన వెలిసినా మబ్బు కదల్లేదు. సముద్రం మీంచి వచ్చే తడిగాలి ఇంజన్ల పొగను పైకి పోనివ్వక షెడ్డు రేకుల మీదే పరిచిపెట్టింది. అందులోంచి మసి సన్నగా రాలుతోంది. హెస్టర్ పెల్లింగ్ తలగుడ్డ బిగించి కట్టుకుని, కిరసనాయిలు బకెట్టు పట్టుకుని, గోడవార లైనులో నిలబెట్టిన ఇంజను దగ్గరికి వచ్చింది.

ఆ ఇంజనుకి బోయిలరు బయటికి కనపడదు. చుట్టూ బల్లపరుపు రేకు తొడుగు. యుద్ధంలో జనానికి పంచిన మాంసం డబ్బాలా ఉంటుందని మార్ల్‌హేవెన్ షెడ్డులో ఆ రకం ఇంజన్లన్నిటినీ డబ్బాలనే అంటారు. ఇది వేసవి అంతా లండను బండ్లు లాగింది. పేరు పలకలు కార్ఖానాలోనే బిగించారు గాని, పేరు పెట్టే పండగ జరగలేదు కనక రెండు పక్కలా వాటి మీద గోనెగుడ్డ కట్టి తిప్పుతున్నారు. గోనె కింద ఉన్న పేరు టార్లింగ్ డౌన్. ఊరికి ఉత్తరాన గుట్టల మీదున్న ఏరోడ్రోమ్ అది. లండను మీద బాంబులు పడ్డ ఏడు, వాటిని ఆపబోయిన విమానాలు కొన్ని అక్కణ్ణుంచే లేచాయి. అలాంటి ఏరోడ్రోముల పేర్లూ విమాన దళాల పేర్లూ ఈ ఇంజన్లకి వరసగా పెట్టుకొస్తున్నారు. దీని పండగ శనివారం, ఊరి స్టేషన్లో.

ఫోర్‌మన్ గోస్డెన్ వచ్చి ఇంజనును ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. పచ్చరంగు ఎక్కడుందో తెలియనంత జిడ్డు. ఈ రకానికి కడుపులో పెట్టిన నూనెతొట్టి కారుతూనే ఉంటుంది. కారిన నూనె చక్రాల మీద పడి, దానిమీద బూడిద పడి, తారులా గట్టిపడుతుంది.

"ప్లాట్‌ఫారం వైపు ఒక్కటీ తుడవండి," అన్నాడు గోస్డెన్. "అటు పక్క ఎవరూ చూడరు."

ఆయన అటు వెళ్ళాక క్వీనీ ఏక్‌హర్స్ట్ పళ్ళమధ్య పెట్టుకున్న సిగరెట్టు ముక్క తీసి, సగం మొహం కడుక్కుని చర్చికి పోయే పెళ్ళికూతుర్ని ఇవాళే చూస్తున్నానంది. హెస్టర్ నవ్వలేదు. ఆమె అప్పటికే చక్రాల మధ్యకి దూరి, పాత కత్తిముక్కతో జిడ్డు పెచ్చులు లేపుతోంది. పెచ్చు లేచాక కిరసనాయిలు గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. గుడ్డ ఒకచోట నల్లబడితే మడత మార్చాలి. మడతలన్నీ అయిపోతే పిండి, మళ్ళీ మొదటినుంచి.

షెడ్డులో ఆడవాళ్ళు వాళ్ళిద్దరే మిగిలారు. మగాళ్ళు యుద్ధానికి పోతే తీసుకున్నవాళ్ళని, మగాళ్ళు తిరిగొచ్చాక ఒక్కొక్కరినే పంపేస్తూ వచ్చారు. సోమవారం నించి ఒక్కళ్ళకే చోటుంది. ఎవరనేది గోస్డెన్ శుక్రవారం చెప్తాడు. క్వీనీకి రేవులో పనిచేసే మొగుడున్నాడు. హెస్టర్‌కి లేడు. లైను పక్కన ఆమె ఉండే ఇల్లు రైల్వే వాళ్ళది. పని పోతే ఇల్లూ పోతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కనక దాని గురించి మాట్లాడుకోరు.

మధ్యాహ్నం దీపాల గది నించి సిరిల్ హాబ్డెన్ వచ్చాడు. పగటిపూట ఇంజను ముందు తగిలించే తెల్ల బిళ్ళలు చంకలో ఉన్నాయి, కొత్తగా సున్నం రంగు వేసినవి. బిళ్ళని అరచెయ్యికీ మణికట్టుకీ మధ్య ఇరికించి కొక్కేనికి తగిలించి సరిచూశాడు. యుద్ధంలో విమానం అంటుకున్నప్పుడు మొహంతో పాటు అతని వేళ్ళూ కాలి, సగంలో కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఏం సిరిల్, ఇవాళ మొహం కళగా ఉందే," అంది క్వీనీ. "మా ఆయన కన్నా నయం."

"మీ ఆయన్ని చూశాను, పోలిక పెట్టకు," అన్నాడు సిరిల్.

క్వీనీ గట్టిగా నవ్వింది. హెస్టర్ కూడా నవ్వింది, తెల్ల బిళ్ళ వైపు చూస్తూ.

బుధవారం లండను ఆఫీసు నించి ఫెయిర్‌బ్రాస్ అనే ఆయన వచ్చాడు. పండగ ఏర్పాట్లు ఆయనవి. బూట్లకి మసి అంటకుండా చూసి చూసి అడుగు వేస్తూ, తెర ఎక్కడ కట్టాలో గోస్డెన్‌కి చెప్తున్నాడు. టార్లింగ్ డౌన్ నించి విమానం నడిపిన సార్జెంటొకడు ఈ షెడ్డులోనే పనిచేస్తున్నాడని గోస్డెన్ అనగానే ఆయన మొహం విప్పారింది. మన మనిషి, మన ఇంజను, అన్నాడు. పేరు మీది తెర లాగడానికి ఒక దొరసాని వస్తోంది, ఆవిడ పక్కన నిలబెడదామన్నాడు. పత్రికలవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలన్నాడు. ఇప్పుడే చూస్తానని తనే ముందు నడిచాడు.

దీపాల గది తలుపు హెస్టర్ తుడుస్తున్న చోటికి ఎదురుగానే ఉంది. లోపల సిరిల్ కిటికీకేసి తిరిగి, సిగ్నలు లాంతరు వొత్తి కత్తిరిస్తున్నాడు. ఫెయిర్‌బ్రాస్ గడప దగ్గరే చెయ్యి చాచి, సార్జెంట్ హాబ్డెన్ గారూ, అన్నాడు. సిరిల్ తిరిగాడు.

చాచిన చెయ్యి సగంలో ఆగింది. తర్వాత పైకి పోయి టోపీ సర్దుకుంది. సిరిల్ చెయ్యి కూడా అప్పటికే ముందుకొచ్చి ఉంది. అతను దాన్ని అలాగే పక్కకి పోనిచ్చి, బల్ల మీది లాంతరు అందుకున్నాడు, దాని కోసమే చాచినట్టు. ఫెయిర్‌బ్రాస్ వాన గురించి ఏదో అన్నాడు. శనివారానికి తగ్గుతుందన్నాడు. బయటికొచ్చి, ఎవర్నీ తాకని ఆ చేతిని జేబురుమాలు తీసి వేలు వేలూ తుడుచుకున్నాడు.

హెస్టర్‌కి కడుపులో దేవినట్టయింది. వంగి బకెట్లో గుడ్డ ముంచింది.

సాయంత్రం గోస్డెన్ ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. చాలాసేపు గొళ్ళెంతో ఆడుకుంటూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ళు చెప్పింది కిందివాళ్ళకి చేరవేసి చేరవేసి, తనదంటూ ఏ మాటా మిగలనివాడు.

"స్కూలు పిల్లలొస్తున్నారు హెస్టర్, జెండాలు పట్టుకుని. చూసి జడుసుకుంటారేమోనని లండను ఆయన బాధ. దొరసాని కూడా సుకుమారం మనిషట. అటు పక్క పట్టాల మీద నిలబడితే ఉపన్యాసాలన్నీ వినపడతాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నువ్వు ఒకసారి సిరిల్‌తో నెమ్మదిగా చెప్పకూడదూ?"

"నేనెందుకు చెప్పాలయ్యా?"

"నీ మాటంటే అతనికి గురి." గోస్డెన్ గొళ్ళెం వదిలేశాడు. "శుక్రవారం నేను ఒక పేరు పైకి పంపాలి. అదీ నీకు తెలుసు."

ఆ పని తనవల్ల కాదని ఆయన మొహానే చెప్పి బయటికి రావచ్చు. ఇంట్లో పొయ్యి మీద ఆరేసిన గుడ్డలు, కిటికీ కింద నాటిన క్యాబేజీలు కళ్ళముందు మెదిలాయి. సరేనన్నట్టు తలాడించింది.

గురువారం పొద్దంతా ఆమె వెళ్ళలేదు. తొడుగు మీది పసుపు చారలు మూడూ పైనించి కిందికి ఒకటొకటే తేలుతున్నాయి. క్వీనీ నిచ్చెన మీదుండి, ఈ పక్కనించి చూస్తే కొత్త ఇంజను, ఆ పక్కనించి చూస్తే మా అత్త, అంది. అటు చూస్తే నిజంగానే జిడ్డు కారి కారి తొడుగు అంచున బొట్లు కట్టింది. అటు పక్క పలక మీది గోనె నూనె తాగి తోలులా నల్లబడింది.

టీ వేళకి హెస్టర్ దీపాల గదికి వెళ్ళింది. చేతిలో ఏమీ లేకుండా వెళ్ళడం బాగుండదని పొగచూరిన లాంతరొకటి పట్టుకెళ్ళింది. సిరిల్ అది తీసుకుని అద్దం ఊడదీశాడు. అద్దాన్ని రెండు మణికట్ల మధ్య నిలిపి, గుడ్డ చుట్టిన పుల్ల లోపలికి తోసి తిప్పుతున్నాడు.

"శనివారం ఎండ కాస్తుందంటున్నారు," అంది.

"కాస్తే కాయనీ."

"జనం బాగా వస్తారట. పిల్లలు కూడా."

సిరిల్ పుల్ల తిప్పుతూనే ఉన్నాడు. గదిలో వొత్తి కమురు వాసన. అంతసేపు నిలబడ్డం అతనికి కష్టమని పైవాళ్ళు అనుకుంటున్నారనీ, అటు పక్క పట్టాల దగ్గరైతే కూర్చోడానికి కూడా వీలుగా ఉంటుందనీ, అన్నీ వినపడతాయనీ చెప్పింది. నిన్న గోస్డెన్ చెప్పిన మాటలే, కాస్త మెత్తగా. చెప్తుంటే నాలిక మీద కిరసనాయిలు తగిలినట్టుంది.

"అటు పక్క తుడిచారా?" అన్నాడు సిరిల్.

"లేదు."

"అయితే నాకు తగిన చోటే."

అతను అద్దాన్ని వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ లాంతరుకి బిగించాడు.

"గోస్డెన్ నిన్న వచ్చాడు హెస్టరమ్మా. ఆ మూల నిలబడి లాంతర్లు ఒకటొకటీ ఎత్తి చూశాడు, మళ్ళీ దించాడు. చెప్పలేక పోయాడు. అప్పుడే తెలిసింది నాకు, ఎవర్నో ఒకర్ని పంపుతారని. క్వీనీని పంపరు, అది తిడుతుంది. టప్పెన్ ముసలాయన డ్రైవరు, ఆయన్ని అడగలేరు." లాంతరు ఆమె ముందుకి జరిపాడు. "నువ్వు మాత్రం రావనుకున్నాను."

బయట ఎవరో బొగ్గు పార ఈడ్చుకుపోతున్నారు.

"నాకా తెరా వద్దు, దొరసానీ వద్దు," అన్నాడు సిరిల్. "అటు పక్కనే ఉంటాను. కానీ ఆ మాట నా మొహం చూసి చెప్పు. నేనిక్కడ చేరిన్నాటినించీ నువ్వు నా చొక్కా బొత్తాంతోనే మాట్లాడుతున్నావు."

హెస్టర్ తలెత్తింది. బొత్తాం కనపడింది, దాని పైన మెడ, మెడ మీద అతికిన చర్మం అంచు. అక్కణ్ణుంచి పైకి చూపు పోలేదు. కడుపులో మళ్ళీ దేవింది, నిన్న ఆ లండను ఆయన్ని చూసినప్పటిలాగే. అది ఆయన మీది రోతేనని నిన్న అనుకుంది. లాంతరు తీసుకుని బయటికొచ్చి, ఇంజను చక్రాన్ని పట్టుకుని నిలబడింది. తుడిచిన చక్రంలో ఆమె వేళ్ళు కనపడుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం గోస్డెన్ వచ్చి, హెస్టర్ ఉంటుంది, క్వీనీ వెళ్తుంది, అని చెప్పి, ఇంజను చాలా బాగా వచ్చిందని ఇద్దర్నీ మెచ్చుకుని వెళ్ళాడు. క్వీనీ నిచ్చెన దిగి గుడ్డ పిండింది. పిండిన గుడ్డని మళ్ళీ పిండింది.

"ఏం చేశావే వాడికి?" అంది.

హెస్టర్ చక్రాల మధ్యకి ఇంకాస్త లోపలికి వంగింది. క్వీనీ ఆమెనే చూస్తూ గుడ్డ భుజాన వేసుకుంది.

"పోనీలే. నీకు ఇల్లుంది," అంది.

ఆ మాట కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. సాయంత్రం ఇంటికెళ్ళి హెస్టర్ చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. రొట్టె కోసి నోటిదాకా తెచ్చింది. కిరసనాయిలు వాసన కొట్టింది. వేరే చేత్తో పట్టుకున్నా అదే వాసన. కోసిన ముక్కని మళ్ళీ డబ్బాలో పెట్టి మూతవేసింది. రొట్టె పారెయ్యడానికి లేని రోజులు.

శనివారం నిజంగానే ఎండ కాసింది. స్టేషనంతా రంగు జెండాల తోరణాలు. వెయిటింగ్ రూములో బల్లల మీద తెల్లగుడ్డ కప్పి పంది మాంసం పెట్టిన రొట్టెలు ఉంచారు, అతిథులకి. రేషను కూపన్లకి వారానికి పలచటి ముక్క దొరికే కాలంలో ఆ వాసన ప్లాట్‌ఫారం చివరిదాకా వచ్చింది. పోర్టర్లు ఏదో పనున్నట్టు ఆ గది ముందునించి వెళ్తున్నారు, వస్తున్నారు. ఇంజను నిలబడి ఉంది, ఇటు పక్క పచ్చగా, అద్దంలా. పలక ముందు నీలం పట్టుతెర.

హెస్టర్‌కి గోస్డెన్ బట్టల మీద తొడుక్కోడానికి కొత్త ఓవరాల్ ఇచ్చాడు, మడతలు విప్పనిది. చేతిలో ఉతికిన గుడ్డొకటి పెట్టాడు. పత్రికవాళ్ళు ఫొటో తీసేటప్పుడు ఇంజను పక్కన గుడ్డ పట్టుకుని నిలబడాలి. అంతే పని.

తెర పక్కన వైమానిక దళం దుస్తుల్లో కుర్రవాడొకడు నిలబడి ఉన్నాడు. నున్నటి బుగ్గలు, బంగారు జుట్టు. ఎక్కడో క్యాంపు నించి ఫెయిర్‌బ్రాస్ అడిగి తెప్పించాడట. డ్రైవర్ టప్పెన్ పైనించి వంగి, టార్లింగ్ డౌన్‌లో ఎన్నాళ్ళున్నావు బాబూ, అని అడిగాడు. తను దళంలో చేరిందే పోయిన ఏడని ఆ పిల్లవాడు చెప్పాడు. పాపం, అబద్ధం ఆడలేదు. ఆ ఏరోడ్రోమ్ ఎటువైపుంటుందండీ, అని కూడా అడిగాడు. టప్పెన్ తల లోపలికి తీసుకున్నాడు.

ఉపన్యాసం మొదలైంది. త్యాగం, ఋణం, ఎన్నటికీ మరవని మొహాలు. ఫెయిర్‌బ్రాస్ మొదటి వరసలో చేతులు కట్టుకుని తలాడిస్తున్నాడు. హెస్టర్ చేతిలో గుడ్డ వైపు చూసింది. దాన్ని మడిచింది. ప్లాట్‌ఫారం వాలు దగ్గరికి నడిచి, దిగి, ఇంజను ముందునించి పట్టాలు దాటి అటు పక్కకి వెళ్ళింది. గోస్డెన్ చెయ్యి ఊపడం చూసింది. ఆగలేదు.

అటు పక్క నీడ. పట్టాల అవతల ఖాళీ బొగ్గు బండ్లు. పేర్చిన పాత స్లీపరు దుంగల మీద సిరిల్ కూచుని ఉన్నాడు. ఎదురుగా ఇంజను, నల్లగా, జిడ్డు బొట్లు కారుతూ. పలక మీద గోనె అలాగే ఉంది. విప్పాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం ఇది ఇలాగే, ఒక పక్క పేరు, ఒక పక్క గోనెతో లండను వెళ్తుంది.

హెస్టర్ మెట్టు మీద కాలు పెట్టి గోనె ముడి అందుకోబోయింది.

"వదిలెయ్," అన్నాడు సిరిల్.

"ఈ పక్కన్నా తుడుస్తాను. గుడ్డ తెచ్చాను."

"వద్దు, దిగు." అతను లేచి దగ్గరికొచ్చాడు. "ఏరోడ్రోమ్ ఇలాగే ఉండేది హెస్టరమ్మా. నూనె, మసి, కాలిన రబ్బరు. ఇది చూస్తే నాకు తెలుస్తోంది, పేరు లేకపోయినా. అటు పక్కది ఏమిటో నేనెరగను."

ఆమె దిగింది. అతను మాట్లాడుతున్నప్పుడు అతని మొహంలోకే చూస్తోందని మాట పూర్తయ్యాక గాని ఆమెకి తెలియలేదు. నుదురు ఒక రంగు, బుగ్గలు ఒక రంగు, అతుకుల దగ్గర మెరుపు. కనుబొమలు లేవు. కొత్తగా చేసి పెట్టిన ముక్కు కొంచెం పక్కకి ఉంది. కళ్ళు బూడిదరంగువి, ఎండకి చికిలిస్తున్నాయి. ఆమె ఆగి ఆగి చూసింది. సిరిల్ చూడనిచ్చాడు.

అవతల చప్పట్లు మోగాయి. తెర తీసినట్టున్నారు. బ్యాండు ఎత్తుకుంది.

గోస్డెన్ కంకరరాళ్ళ మీద తడబడుతూ వచ్చాడు, మొహం కందిపోయి. ఫొటోలో ఒక పక్క ఖాళీ వచ్చిందనీ, లండను ఆయన నలుగురిలో తనని అడిగాడనీ, పరువు తీశావనీ గొంతు పెంచకుండానే అన్నాడు. సిరిల్ వైపు చూడకుండా అన్నాడు.

"ఆ చోటు క్వీనీకి ఇవ్వండయ్యా. నాకొద్దు," అంది హెస్టర్.

"ఎవరికివ్వాలో నువ్వా చెప్పేది? ఇద్దరూ అక్కర్లేదు. సోమవారం మగవాణ్ణే పెట్టుకుంటాను."

"ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాలి?"

అది ఆయనకి పైవాళ్ళు ఇంకా చెప్పలేదు కామోసు. కొత్త ఓవరాల్ మాత్రం అప్పగించి వెళ్ళమన్నాడు. హెస్టర్ బొత్తాలు విప్పి, మడతల మీద మడిచి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గుండెలకి ఆనించుకుని వచ్చిన దారినే వెళ్ళాడు. సిరిల్ మళ్ళీ స్లీపర్ల మీద కూచున్నాడు.

క్వీనీ బొగ్గు బండ్ల వెనకనించి వచ్చింది, భోజనం సంచీ, టీ క్యాను పట్టుకుని. అంతా విన్నదో లేదో హెస్టర్‌కి తెలియదు. తనే చెప్పింది, దీపాల గదికి వెళ్ళిన సంగతి మొదలుకుని. చోటు నీకివ్వమన్నాను గాని ఇవ్వనన్నాడు, అని కూడా చెప్పింది.

"నీ ఎంగిలి నాకెందుకే," అంది క్వీనీ. "ఇచ్చినా తీసుకోను." సిరిల్ వైపు తిరిగింది. "నువ్వు జరుగు, మహారాజులా మొత్తం పరుచుకున్నావు."

సిరిల్ జరిగాడు. క్వీనీ అతని పక్కన కూచుంది. ఎదురుగా ఇంకో స్లీపరుంది. హెస్టర్ దాని మీద కూచుంది. క్వీనీ సంచీలోంచి రొట్టె తీసి, మోకాలి మీద పెట్టి మూడు ముక్కలు కోసింది. మూడూ ఒకలా రాలేదు. పెద్దది హెస్టర్‌కి విసిరినట్టు ఇచ్చింది. ఉడికించిన చల్లటి బంగాళాదుంపలు, కాగితంలో చుట్టిన జున్ను, సీసాలో వెనిగరు ఉల్లిపాయలు స్లీపరు మీద పరిచింది. అవతల వెయిటింగ్ రూము తలుపు తీసినట్టున్నారు, మాంసం వాసన ఇటు కూడా వచ్చింది. ఎవరూ తల తిప్పలేదు.

సిరిల్ రోజూ దీపాల గది తలుపేసుకుని తింటాడు. ఇవాళ రొట్టెని మణికట్ల మధ్య పెట్టి చిన్న చిన్న తునకలు చేసి, ఒకటి నోట్లోకి తోసుకున్నాడు. పెదవులు పూర్తిగా మూసుకోవు, ఒక తునక రాలి ఒళ్ళో పడింది. ఏరుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. క్వీనీ క్యాను మూతలో టీ పోసి అతని రెండు చేతుల మధ్య నిలిపింది. తాగుతుంటే ఒక చివరనించి టీ గడ్డం మీదికి కారింది. హెస్టర్ చూస్తూ తన రొట్టె నమిలింది. కిరసనాయిలు వాసన ఇంకా కొడుతూనే ఉంది. మింగింది. ఇంకో ముక్క కొరికింది. సిరిల్ మూతని ఆమె వైపు జరిపాడు. ఆమె అందుకుని, అతను తాగిన చోటే తాగి, క్వీనీకి ఇచ్చింది.